బేరిపండు గుర్తు పెట్టెలు

ఈనాక్ టారంట్‌కి కోపం తెప్పించడం మహా సులువు. అతను చేసిన పెట్టె మీద పూలకూజా పెడితే చాలు. ఒకసారి ఇస్లింగ్టన్‌లో ఒకరింటికి తను చేసిన పెట్టెలో వదులైన గొలుసు బిగించడానికి వెళ్లాడు. ముందుగదిలో కిటికీ పక్కన గుండ్రబల్ల, బల్ల మీద పెట్టె, పెట్టె మీద లేసుగుడ్డ, గుడ్డ మీద గాజుకూజాలో జెరేనియం పూలు. ఇంటావిడని పలకరించను కూడా లేదు. కూజా తీసి నేల మీద పెట్టి, గుడ్డ మడిచి ఆవిడ చేతికిచ్చి, పెట్టె మూత పైకెత్తి, "అమ్మా, వెలుగు లోపలికి వెళ్లే దారి ఇదొక్కటే. దీని మీద తోట పెంచితే లోపల అమావాస్యే," అని చెప్పి వచ్చేశాడు. వచ్చిన పని గొలుసు బిగించడమన్న సంగతి వీధి చివరికి వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లేసరికి కూజా మళ్లీ పెట్టెక్కి కూర్చునుంది.

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. ఆ రోజుల్లో లండన్‌లో చేత్తో పట్టుకుని చూసే చిన్న స్టీరియోస్కోపు లేని ఇల్లు లేదు. ఒకే దృశ్యాన్ని కాస్త ఎడంగా రెండుసార్లు ఫొటో తీసి, రెండిటినీ ఒక అట్ట మీద పక్కపక్కన అంటిస్తారు. ఎడమ కన్ను ఎడమ బొమ్మని, కుడి కన్ను కుడి బొమ్మని చూస్తుంది. రెండూ కలిసి ఒకటైపోయి, బల్లపరుపు కాగితంలోంచి చెట్లూ గోడలూ మనుషులూ లేచి నిలబడతారు. అయితే చిన్నదానితో చేతులు నొప్పి పుడతాయి, ఒక్కో అట్టా తీయాలి, పెట్టాలి, కింద పడేసుకోవాలి. బల్ల మీద పెట్టుకునే పెద్ద పెట్టె వేరు. అందులో గొలుసుంటుంది, గొలుసుకి తీగ చట్రాలుంటాయి, చట్రానికో అట్ట. కుర్చీలో హాయిగా కూర్చుని పక్కనున్న గుబ్బ తిప్పుతుంటే ఒక బొమ్మ కిందికి దిగిపోయి ఇంకొకటి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. రోము పోతుంది, ఆల్ప్స్ కొండలు వస్తాయి. అలాంటి పెట్టెల్లో క్లర్కెన్‌వెల్ మొత్తానికి ఈనాక్ చేసినంత మంచివి లేవని ఎవరినడిగినా చెప్పేవాళ్లు. నన్నడిగినా అదే చెప్తాను.

ఏముంది అందులో అంత గొప్ప అంటే, చూపించగలిగేది తక్కువే. వాల్‌నట్ చెక్క పొరని నాలుగు పక్కలా నీళ్లు పారినట్టు కలిపేవాడు, అది చాలామంది చేస్తారు. మూత లోపల అద్దం పెట్టి, దాన్ని ఇత్తడి కమ్మీ మీద ఏ వాలులో కావాలంటే ఆ వాలులో ఆగేలా చేసేవాడు. మా ఊరి వెలుగు పొగలోంచి వడగట్టుకుని వచ్చే వెలుగు. ఆ కాస్తనీ పట్టి బొమ్మ ముఖాన వేయాలి. లోపలంతా దీపపుమసి కలిపిన నల్లరంగు పూసేవాడు, ఎక్కడా ఇంత మెరుపు కంట పడకూడదని. కంటి గొట్టాల మధ్య ముక్కుకి చోటు వదిలేవాడు. ఇది వింటే నవ్వొస్తుంది గానీ, ముక్కన్నది ఒకటుంటుందని చాలామంది పెట్టెల పనివాళ్లకి తట్టనే తట్టదు. గుబ్బ తిప్పితే చప్పుడయ్యేది కాదు. చట్రం వెంట్రుకవాసి ఒరిగినా చూసేవాడి తల పగిలిపోతుంది, ఈనాక్ చట్రం ఒరిగేది కాదు.

ఇంత చేసిన మనిషి తన పెట్టెలోంచి బొమ్మ లేచి నిలబడడం ఎన్నడూ చూడలేదు. అతనికి చూపున్నది ఒక్క కంట్లోనే.

ముందు నుంచీ అలా కాదు. తండ్రి దగ్గర టీ డబ్బాలు చేయడం నేర్చి, తరవాత రాతపెట్టెలు చేస్తూ, స్టీరియోస్కోపుల మోజు మొదలైన కొత్తల్లో లస్బీ గారి కార్ఖానాలో చేరాడు. మొదటిరోజు లస్బీ గారు అతన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కార్ఖానాలో పరీక్షకి వాడే అట్ట చూపించారు. ఏమీ లేదు, బల్ల మీద పళ్లెంలో నాలుగైదు బేరిపళ్లు. ఒకటి పళ్లెంలోంచి దొర్లి బల్ల అంచుకి వచ్చి ఉంటుంది. ఈనాక్ చూస్తూ ఉండగా ఆ పండు అట్టలోంచి బయటికి వచ్చింది. అతను నిజంగానే చెయ్యి చాపాడు, వేళ్లు పోయి పెట్టెకి తగిలాయి. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్య థిర్జాకి అదే పనిగా చెప్పాడు. "ముందున్న పండు చేతికందేలా ఉందే. కాడ దగ్గర మచ్చ కూడా గుండ్రంగా తిరిగి వెనక్కి పోతోంది. దాని కింద నీడలో వేలు పెట్టొచ్చు."

క్రైమియా యుద్ధం అయిపోయిన ఏడాది చలికాలంలో, సొంతంగా పెట్టె చేసే పని అతనికింకా అప్పగించకముందే, తరిణె మీద ఇత్తడి గుబ్బని తిప్పి చెక్కుతుండగా సన్నటి రజను ఎగిరి కుడి కంట్లో గుచ్చుకుంది. కన్ను పోలేదు, చూపు పోయింది. పైకి చూస్తే రెండు కళ్లూ నీలంగా నిక్షేపంలా ఉండేవి. రెండు కళ్లతో చూసే వస్తువు చేయడానికి ఒంటికన్ను వాడిని ఎవరు పెట్టుకుంటారు? మెడకి గుడ్డ చుట్టుకుని జలుబని చెప్పి ఇంట్లో పడుకుని, నొప్పి తగ్గాక మళ్లీ పనిలోకి వెళ్లాడు. థిర్జాకి తప్ప ఇంకో ప్రాణికి చెప్పలేదు.

లస్బీ గారి కార్ఖానాలో ఒక ఆచారం ఉండేది. పెట్టె పూర్తయ్యాక చేసినవాడే దాన్ని ఒప్పాలి. బేరిపళ్ల అట్ట లోపల పెట్టి, కిటికీ ముందు కూర్చుని చూసి, అందరికీ వినబడేలా "నిలబడింది" అనాలి. అన్నాక పెట్టె అడుగున తన ఇనుపముద్ర కొట్టాలి. ముద్ర పడేదాకా ఇంకొకడు ఆ పెట్టెలో కన్ను పెట్టకూడదు. పెడితే, పెళ్లికాని పిల్ల ఉత్తరం విప్పి చదివినంత తప్పు. ఒక్కొక్కడికి ఒక్కో ముద్ర. పక్కబల్ల క్రౌచ్‌ది కాకి. ఈనాక్‌ది బేరిపండు.

ఆ ఆచారమే అతన్ని కాపాడింది, అదే అతన్ని కాల్చుకు తినేది కూడా. ఒక కన్ను చేయగల పనంతా ఆ కన్నుతో చేసేవాడు. ఒక గొట్టంలో చూసి, తరవాత రెండో గొట్టంలో అదే కన్ను పెట్టి చూసి, రెండు చోట్లా బొమ్మ తేటగా ఉందో లేదో తేల్చుకునేవాడు. మందపాటి పెద్ద అద్దంబిళ్లని నడిమికి కోసి ఆ సగాలనే రెండు కళ్లకీ పెడతారు, పలచటి అంచులు ముక్కు వైపు రావాలి. వాటిని గోటితో తడిమి చూసేవాడు. కొలబద్ద, దారం, సీసపుగుండు, తను చేసుకున్న చెక్క కొలతలు, వీటితో పెట్టెని ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచి మళ్లీ కొలిచేవాడు. చివరికి రెండు కళ్లూ కలిసి చేసే ఆ ఒక్క పని మిగిలేది. పండు బయటికి వచ్చిందా లేదా?

దానికి థిర్జా ఉంది.

థిర్జా ఇంటిదగ్గర టోపీలకి గుడ్డపూలు చేసేది. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. అలిసిపోయినప్పుడు ఎడమ కన్ను కాస్త ముక్కు వైపు జరిగేది. పెళ్లికి ముందు ఈనాక్ ఆ కన్ను చూసే పడిపోయాడని కార్ఖానాలో అందరికీ తెలుసు. మధ్యాహ్నం భోజనం గిన్నెకి గుడ్డ కట్టి ఆవిడే తెచ్చేది. ఉడికించిన పందిమాంసం, బఠాణీ ముద్ద, ఒక్కోరోజు ఆవాలముద్దతో పొట్టపేగులు. గిన్నె బల్ల మీద పెట్టి, మొగుడు చేసిన పెట్టె తయారై ఉంటే దాని ముందు కూర్చునేది. భార్య చూస్తే పరాయివాళ్లు చూసినట్టు కాదని లస్బీ గారు ఎప్పుడో ఒకసారి తీర్పు చెప్పారు.

"రండమ్మా రండి, నాటకం మొదలెట్టలేదు, మీకోసమే ఆపాం," అనేవాడు క్రౌచ్.

"టిక్కెట్టు కింద నీ బీరు తాగేస్తాను, పరవాలేదా?" అనేది థిర్జా.

"మా ఆవిడుంది, గిన్నె విసిరేసి పోతుంది. నేనేం తింటున్నానో కూడా చూడదు. బొమ్మల పిచ్చి ఉన్న పెళ్లాం దొరకడం అదృష్టంరా ఈనాక్."

ఆవిడ ముఖం గొట్టాలకి ఆనించి చూసేది. ఈనాక్ చెంచా పట్టుకుని తినకుండా ఆగిపోయేవాడు. ఆవిడ తాపీగా తలెత్తి, "అబ్బ, ముందున్న పండు చేతికందేలా ఉంది," అనేది. అప్పుడు అతనికి అన్నం సయించేది. తిన్నాక తనూ ఒకసారి కూర్చుని, చూసినట్టు చూసి, "నిలబడింది" అని ముద్ర కొట్టేవాడు. కార్ఖానా అంతా ఆవిడకి బొమ్మల పిచ్చి అనుకుంది. నిజానికి ఆవిడ అతని రెండో కన్ను.

రెండు వైపుల నుంచీ చూసే పెట్టె ఆలోచన ఈనాక్‌కి అలాగే పుట్టింది. అలాంటివి అంతకుముందు ఎవరో చేశారు, లేదని కాదు. కానీ లస్బీ గారి దగ్గర మొదట చేసింది అతనే, ఎందుకు చేశాడో చెప్పలేదు. థిర్జా చూస్తుంటే పక్కన నిలబడి ఆవిడ మెడ వెనక జుట్టు చూడడం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో పెట్టె ఉంచుకుని, ఇద్దరం ఒకేసారి చూడాలని అతని కోరిక. గొలుసు మీద అట్టలు వీపూ వీపూ ఆనించి ఉంటాయి. ఆవిడకి నయాగరా కనిపిస్తే ఇతనికి స్కాట్లండు కనిపిస్తుంది. చిక్కల్లా గుబ్బ దగ్గర. ఒకరు తిప్పితే రెండోవాళ్ల బొమ్మ కూడా పోతుంది. మొదటి నమూనా కొన్న ఒక జంట దాని మీద పోట్లాడుకుని వారంపాటు మాట్లాడుకోలేదట. దాంతో ఈనాక్ ఒకే ఇరుసుకి రెండు వైపులా రెండు గుబ్బలు పెట్టాడు, కాస్త బిగువుగా. ఒకరు గట్టిగా పట్టుకుంటే రెండోవాళ్లు తిప్పలేరు. తిప్పాలంటే, "తిప్పనా?" అని అడగాలి. సంసారం అంటే ఏమిటో ఆ గుబ్బలకి తెలిసినంత మా పాదిరీ గారికి కూడా తెలియదని క్రౌచ్ అనేవాడు.

ఒక శరదృతువులో హైగేట్ నుంచి హావెరిల్ గారి భార్య అలాంటి జోడుపెట్టె ఒకటి చేయించుకుంది. ఉన్ని వ్యాపారి భార్య, ఈమధ్యనే భర్త పోయాడు. పెట్టెని ఒప్పడం తన కళ్లారా చూడాలని అడిగింది. లస్బీ గారికి ఇలాంటివంటే సరదా. మంగళవారం రమ్మని చెప్పారు. సోమవారం మా పనివాళ్లలో సగంమందికి ఆదివారం తాగింది ఇంకా దిగి ఉండదు, అందుకని మంగళవారం.

పెట్టె చివరి వారంలో ఉండగా థిర్జాకి ఛాతీలో జలుబు దిగింది. మొదట దగ్గు, తరవాత జ్వరం, తరవాత ఊపిరి తీస్తే లోపల కాగితం చింపుతున్న చప్పుడు. భోజనం గిన్నె రావడం ఆగిపోయింది. ఈనాక్ రొట్టే చీజూ జేబులో పెట్టుకుని వచ్చేవాడు. పెట్టె పూర్తయింది, మెరుగెక్కింది, కిటికీ ముందు కూర్చునుంది. ఒక వెంట్రుకంత తేడా ఎక్కడైనా ఉంటే, పండు లేవకపోతే, మంగళవారం అందరి ముందూ "నిలబడింది" అని తను అబద్ధం చెప్తాడు. హావెరిల్ గారి భార్య చూసి, లేవలేదంటుంది. ఆ తరవాత అతనికి బల్ల ఉండదు. జబ్బుమనిషికి బొగ్గు, పాలు ఎక్కడి నుంచి వస్తాయి?

శనివారం సాయంత్రం లస్బీ గారి ముందు టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"అయ్యా, ఈ పెట్టె రేపొక్కరోజు మా ఇంటికి తీసుకెళ్తాను. మా ఆవిడ లేవలేకుండా ఉంది. చూడాలని మనసు పడుతోంది."

లస్బీ గారు కళ్లజోడు మీదుగా చూశారు. "దారిలో గీత పడిందంటే నీ వీపు మీద దానికి జత గీత పడుతుంది. దుప్పటి కప్పి తీసుకెళ్లు."

"నాటకమే ఇంటికొస్తోందన్నమాట," అన్నాడు క్రౌచ్. అని, పెట్టెని ఎక్కించిన తోపుడుబండి రెండో కర్ర తనే పట్టుకుని ఇంటిదాకా వచ్చి, మెట్ల మీద మోసి పెట్టి, లోపలికి తొంగిచూడకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం చర్చి గంటలు ఆగాక, పొగ కాస్త విడిచి, కిటికీలోంచి ఎండ లాంటిదేదో వచ్చింది. ఈనాక్ బల్లని మంచం దగ్గరికి జరిపి, పెట్టె మీద దుప్పటి తీసి, మూత ఎత్తి, అద్దం వంచి వెలుగుని లోపలికి పట్టాడు. థిర్జాని దిళ్లకి ఆనించి కూర్చోబెట్టాడు. భుజాలకి శాలువా చుట్టాడు. తను అటువైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బేరిపళ్ల అట్ట ఆవిడ వైపు ఉండేలా గుబ్బ తిప్పాడు.

ఆవిడ ముఖం ఆనించింది. చాలాసేపు చూసింది. మధ్యలో దగ్గొచ్చి ఆగి, మళ్లీ చూసింది.

"నిలబడిందా?" అన్నాడు ఈనాక్.

ఆవిడ గొట్టాల నుంచి ముఖం తీసి శాలువా సర్దుకుంది.

అతను పెట్టె మీదుగా ముందుకి వంగాడు. "లేదా? ఎక్కడ పోయింది? బొమ్మ రెండుగా కనిపిస్తోందా? ఎడమ బిళ్ల మళ్లీ తీసి పెడతాను, ఇంకా టైముంది."

"నాకు తెలీదు, ఈనాక్."

"తెలీకపోవడమేంటి? పండు బయటికొచ్చిందా లేదా?"

"నాకెప్పుడూ తెలీదు," అంది థిర్జా. "నాకు పండు ఎన్నడూ బయటికి రాలేదయ్యా. ఒకసారి రెండు పళ్లేలు కనిపిస్తాయి, ఒకసారి ఒకటి. ఎప్పుడు చూసినా గోడకి అంటించిన కాగితంలాగే ఉంటుంది. ఈ కన్ను ఎటు తిరుగుతుందో నీకు తెలీదా? చిన్నప్పుడు మా అమ్మ దీనికి గుడ్డ కట్టి ఏళ్లు తిప్పింది."

ఈనాక్ ఆవిడ ఎడమ కన్ను వైపే చూశాడు. ఆ కన్ను ఎన్నేళ్లుగా చూస్తున్నాడు. దాన్ని చూసే ప్రేమించాడు. రెండు కళ్లూ ఒక చోటికి చేరితేనే బొమ్మ లేస్తుందని అతనికన్నా బాగా తెలిసినవాడు క్లర్కెన్‌వెల్‌లో లేడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. కార్ఖానాలో ఇంకెవరికీ తట్టలేదు, సరే, వాళ్లు పరాయివాళ్లు. తనకేమైంది?

"మరి చేతికందేలా ఉందనేదానివి కదే."

"నువ్వే కదా అన్నావు. మొదటిరోజు ఇంటికొచ్చి నన్ను నిద్రపోనివ్వకుండా చెప్పావు. నీ మాటే నీకు తిరిగిచ్చాను."

"ఇన్నాళ్లూ?"

"మొదటిసారి చెప్పేద్దామనే వచ్చాను. గిన్నె పెట్టి నీ ముఖం చూశాను. ఉరికంబం ఎక్కబోయేవాడిలా ఉన్నావు. చెప్పలేకపోయాను. ఆ పెట్టె వెళ్లిపోయింది. కొన్నవాళ్లు తిట్టుకుంటూ తెస్తారని నేను రాత్రుళ్లు కళ్లు మూయలేదు. వాళ్లొచ్చి ఇంకో పెట్టె కావాలన్నారు. రెండోసారీ అంతే. తరవాత నాకు భయం పోయింది. నీ చెయ్యి తప్పదని నాకు తెలిసిపోయింది. తెలిసిందే చెప్పేదాన్ని, అబద్ధమెందుకవుతుంది?"

ఈనాక్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. తను చేసిన పెట్టెలన్నీ ఒక్కొక్కటే కళ్లముందు తిరిగాయి. హైగేట్‌లో, ఇస్లింగ్టన్‌లో, ఓడెక్కి ఎక్కడికో వెళ్లినవి. ఒక్కదాన్నీ తను చూడలేదు, ఆవిడా చూడలేదు. ఇద్దరు గుడ్డివాళ్లు చేతులు పట్టుకుని రోడ్డు దాటినట్టు దాటారు. బళ్లన్నీ ఎలా తప్పుకున్నాయో దేవుడికే తెలియాలి.

"ఇప్పుడెందుకు చెప్పావు? మంగళవారం ముందు? ఇంకో నాలుగు రోజులాగి చెప్పకూడదూ?"

"నాలుగు రోజులుంటానో లేదో." ఆవిడ తేలిగ్గానే అంది. "నేను పోతే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. నా రెండో కన్ను పోయింది, ఇంక నావల్ల కాదని పనిముట్లు అమ్మేస్తావు. అది కన్ను కాదయ్యా పిచ్చివాడా. నేను ఊరికే పక్కన కూర్చున్నానంతే. పెట్టెలు నిలబెట్టింది నువ్వే. అది తెలీకుండా నువ్వు మిగిలిపోతే నాకు మట్టిలో కూడా నిద్ర పట్టదు."

అతను కిటికీ దగ్గర నుంచి కదిలాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుబ్బ పట్టుకున్నాడు. అటువైపు గుబ్బ ఆవిడ పట్టుకునే ఉంది.

"తిప్పనా?" అన్నాడు.

"తిప్పు," అంది.

వెలుగు ఉన్నంతసేపు ఇద్దరూ అటూ ఇటూ కూర్చుని బొమ్మలు చూశారు. ఇద్దరికీ ఏదీ లేవలేదు. అయినా ఆవిడ నయాగరా దగ్గర తిప్పొద్దంది, అతను ఆగాడు.

మంగళవారం హావెరిల్ గారి భార్య నల్లబట్టల్లో వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఆవిడ చేతిసంచిలోంచి ఒక అట్ట తీసి, బేరిపళ్లు వద్దు, దీన్ని పెట్టి చూడమని ఇచ్చింది. తోటలో కుర్చీ మీద గడ్డపాయన, వెనక గులాబీ పొద. పోయినాయన.

అందరూ పని ఆపారు. ఈనాక్ అట్టని చట్రంలో పెట్టి, కూర్చుని, ముఖం ఆనించాడు. గడ్డపాయన కాగితం మీద కాగితంలాగే ఉన్నాడు. "నిలబడింది" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నోసార్లు అన్నదే. అంటే అయిపోయేది, పెట్టె బాగానే ఉండేది, అది ఇప్పుడు అతనికి తెలుసు కూడా. కానీ ఇన్నాళ్లూ థిర్జా మాట ఉందన్న ధైర్యంతో అన్నాడు. ఒట్టి చేతుల్తో, ఈవిడ మొగుడి బొమ్మ ముందు కూర్చుని, చూడనిదాన్ని చూశానని అనడానికి నోరు రాలేదు. ముద్ర బల్ల మీద పెట్టేశాడు.

"క్రౌచ్, నువ్వొచ్చి చూడు."

"ముద్ర పడకుండా నేను చూడ్డమేంట్రా, మతిపోయిందా?"

"నాకు కుడి కన్ను కనిపించదు," అన్నాడు ఈనాక్. "క్రైమియా యుద్ధం అయిన చలికాలం నుంచీ కనిపించదు. ఈ పెట్టె కొలత తప్పలేదని నాకు తెలుసు. నిలబడిందో లేదో చూసి చెప్పాల్సింది రెండు కళ్లున్నవాడు."

లస్బీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. క్రౌచ్ ఆయన వైపు చూసి, ఈనాక్ వైపు చూసి, వచ్చి కూర్చున్నాడు. ముఖం ఆనించి ఎంతసేపటికీ లేవడే.

"నిలబడింది," అన్నాడు క్రౌచ్. ఎప్పుడూ వెక్కిరించే గొంతు కాదది.

లస్బీ గారు అలమర తెరిచారు. బయటికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న బేరిపండు గుర్తు పెట్టెలన్నీ దింపి వరసగా పెట్టారు. క్రౌచ్ ఒక్కోదాంట్లో చూసి, ఒక్కోదానికీ అదే మాట అన్నాడు. చివరిదానికి వచ్చేసరికి చిరాకు పడ్డాడు. "అన్నీ నిలబడ్డాయి. నావే ఒక్కోటి కూలబడతాయి. ఏం మనిషివిరా నువ్వు."

ఈలోగా హావెరిల్ గారి భార్య జోడుపెట్టె ముందు కూర్చునేసింది. కాసేపటికి, ముఖం తీయకుండానే అంది. "కొంచెం పక్కకి జరిగితే ఆయన భుజం వెనకున్న గులాబీ కనిపిస్తుందేమో అనిపిస్తోంది." ఇంకొంచెంసేపు చూసింది. "దీన్ని ఇవాళే పంపించండి. ముద్ర మాత్రం వేసి పంపించండి."

లస్బీ గారు ఈనాక్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "నాకు చెప్పకుండా ఇన్నాళ్లు దాచినందుకు నిన్ను వీధిలోకి తోసేయాలి. క్రిస్మస్ పండగ వెళ్లాక తోస్తాను, గుర్తు చెయ్యి. అందాకా నీ పెట్టెలు క్రౌచ్ చూస్తాడు. క్రౌచ్ పెట్టెలు నువ్వు కొలుస్తావు. వాడికి కళ్లున్నాయి గానీ కొలత లేదు."

"అందరి ముందూ అనాలా అయ్యా," అన్నాడు క్రౌచ్. పండగలు చాలా వెళ్లాయి. ఎవరూ గుర్తు చేయలేదు.

ఆ సాయంత్రం ఈనాక్ మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు. థిర్జా కళ్లు తెరిచే ఉంది. మాట్లాడే ఓపిక లేక పెదాలు కదిపింది. ఇన్నేళ్లూ అతను అడిగిన ప్రశ్న, ఇవాళ ఆవిడ అడిగింది.

"నిలబడిందా?"

"నిలబడింది," అన్నాడు. పక్కన కూర్చుని, గడ్డపాయన భుజం వెనక గులాబీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ వింటూ నిద్రపోయింది.

జ్వరం ఆ వారంలో దిగింది. చలికాలమంతా దగ్గుతూనే ఉంది గానీ మనిషి నిలిచింది. వసంతంలో ఒక మధ్యాహ్నం గుడ్డ కట్టిన గిన్నె పట్టుకుని కార్ఖానా గుమ్మంలోకి వచ్చేసరికి అందరూ బల్లలు వాయించారు. ఆ రోజు ఈనాక్ పెట్టె ఒకటి కిటికీ ముందుంది. క్రౌచ్ పొద్దున్నే చూసి ఒప్పేశాడు. ముద్ర కొట్టడమే తరువాయి. ఈనాక్ మాత్రం ఉదయం నుంచీ సుత్తి పక్కన పెట్టుకుని ఏదో పని ఉన్నట్టు కాలక్షేపం చేస్తున్నాడు.

"రండమ్మా, మీకోసమే ఆపాం," అన్నాడు క్రౌచ్. "నేను చూసినా ఈయనకి ఆనలేదు."

థిర్జా గిన్నె దింపి పెట్టె ముందు కూర్చుంది. ఆవిడ సంగతి క్రౌచ్‌కి తెలియదు, లస్బీ గారికి తెలియదు. ఈనాక్ ఎవరికీ చెప్పలేదు. అలిసిన ఎడమ కన్ను ముక్కు వైపు జరిగింది. ఆవిడ ముఖం ఆనించి, ఎప్పటిలాగే తాపీగా చూసి, తలెత్తింది.

"ముందున్న పండు చేతికందేలా ఉంది," అంది.

అప్పుడు ఈనాక్ పెట్టెని ఒడిలోకి ఒరగేసుకుని ముద్ర కొట్టాడు. ఆ తరవాత కూడా, ఆవిడ బతికున్నన్నాళ్లూ, ఆ మాట వినకుండా అతని పెట్టె ఒక్కటీ బయటికి వెళ్లలేదు.